పక్కింటాయన అడిగిన ప్రశ్న: అమెరికా క్రికెట్ కథ, 1844 నుంచి



పోయినసారి మదరాసు క్రికెట్టుకు ఆద్యుడైన బుచ్చిబాబు నాయుడు గారిని గురించి వ్రాసుకున్నాము. అది చదివి మన కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకే మాట అడిగారు. "పెద్దాయనా, పాత కథ బాగుంది. అమెరికాలో కొత్తగా క్రికెట్ పుట్టింది కదా, దాన్ని గురించీ వ్రాయరాదా?" అని. వ్రాస్తాము. కొత్తగా పుట్టిందన్న మాట మాత్రం ఒప్పుకోము.

ఎప్పటిలాగే ముందుగా ఒక మనవి. మా చదువంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, రైల్వేలో చేరాక ఇంగ్లిష్ ఫారాలు. తెలుగు అక్షరాలు నలభై దాటాక మన సంఘం తరగతిలో దిద్దుకున్నవే. తప్పులుంటే పెద్దలు దిద్దండి, కోపగించుకోకండి.

మా అమ్మాయి కుటుంబం డల్లాస్ దగ్గర ఉంటుంది. 2024 జూన్ 6న వాళ్ల ఊరికి దగ్గరలోని గ్రాండ్ ప్రెయిరీ మైదానంలో, టి20 ప్రపంచకప్పులో, అమెరికా జట్టు పాకిస్తాన్‌ను ఓడించింది. మనకు ఇక్కడ రాత్రి తొమ్మిదికి మొదలైన ఆట. భోజనం చేసి కూర్చున్నవాళ్లం అర్ధరాత్రి దాటినా లేవలేదు. ఇరువైపులా 159 పరుగులే. సూపర్ ఓవర్ పెట్టారు. అమెరికా 18 చేసింది, పాకిస్తాన్ 13 దగ్గర ఆగింది. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రవల్కర్ ముంబయిలో పుట్టినవాడు, ఆరకిల్ కంపెనీలో ఇంజనీరు. ఆఫీసు ఉద్యోగం చేసుకునే మనిషి ప్రపంచకప్పులో ఆఖరి ఓవర్ వేశాడంటే, మాలాంటి గుమాస్తాలకు ఎంత ముచ్చటగా ఉంటుందో మీరే ఆలోచించండి.

మర్నాడు అమ్మాయికి ఫోన్ చేస్తే ఆమె ఇంకో సంగతి చెప్పింది. పక్కింట్లో ఉద్యోగ విరమణ చేసిన అమెరికా పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన వార్త చూసి, గేటు దగ్గరికి వచ్చి, "మన దేశం ఏదో పెద్ద ఆట గెలిచిందట కదా, అది టీవీలో ఎక్కడ చూడాలి?" అని అడిగాడట. ఆయన టీవీలో మామూలుగా వచ్చే చానెళ్లలో అది లేదు. విల్లో అనే చానెల్ ఉంది, దానికి వేరుగా డబ్బు కట్టాలి. అమ్మాయి ఆ మాటే చెప్పింది. ఆయన "అలాగా" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ "అలాగా" మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. అమెరికాలో క్రికెట్ కథ అంతా దానిలోనే ఉందనిపించి, పాత సంగతులు వెతకడం మొదలుపెట్టాము.

క్రికెట్‌లో రెండు దేశాల మధ్య జరిగిన మొట్టమొదటి ఆట ఏది? ఇంగ్లండ్, ఆస్ట్రేలియా అని చప్పున అంటాము. కాదు. అమెరికా, కెనడా. 1844 సెప్టెంబరులో, న్యూయార్క్‌లో, సెయింట్ జార్జ్ క్లబ్ మైదానంలో. కెనడా 82, 63. అమెరికా 64, 58. కెనడా 23 పరుగుల తేడాతో గెలిచింది. అమెరికా ఆటగాడు ఒకడు చివరి ఇన్నింగ్స్‌కు సమయానికి రాకపోయేసరికి పది మందితోనే ముగించారు. (బండి తప్పిపోయాడేమో అని మా రైల్వే బుద్ధికి తోచింది.) ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల తొలి టెస్టు 1877లో, అంటే దీని తరువాత 33 ఏళ్లకు. మన దక్షిణాదిన రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు తొలి రైలు నడిచింది 1856 జూలై 1న. మనకు రైలు రాకముందే అమెరికాలో దేశాల మధ్య క్రికెట్ జరిగిపోయింది.

2024 ప్రపంచకప్పు తొలి ఆట కూడా జూన్ 1న డల్లాస్‌లో అమెరికాకూ కెనడాకూ మధ్యనే. కావాలనే అలా కలిపారు. కెనడా 194 కొట్టింది. ఆరన్ జోన్స్ 40 బంతుల్లో 94 కొట్టి, పది సిక్సర్లతో దాన్ని తుడిచిపెట్టాడు. 180 ఏళ్ల పాత బాకీ అలా తీరింది. మరి ఈ 180 ఏళ్లూ అమెరికా ఏం చేసింది?

1859లో ఇంగ్లండ్ నుంచి జార్జ్ పార్ నాయకత్వంలో ఒక జట్టు ఓడెక్కి కెనడాకూ అమెరికాకూ వచ్చింది. ఒక ఇంగ్లండ్ జట్టు సముద్రం దాటి ఆడడానికి వెళ్లడం అదే మొదలు. ఆస్ట్రేలియాకు కాదు, ఇండియాకు కాదు, అమెరికాకు. అంత బలం ఉండేది అక్కడి క్రికెట్టుకు. అప్పుడు బేస్‌బాల్ చిన్నపిల్ల.

ఇక్కడ ఒక మనిషిని తలుచుకోవాలి. పేరు హెన్రీ చాడ్విక్. ఇంగ్లండ్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, పత్రికలకు క్రికెట్ వార్తలు వ్రాసేవాడు. 1856లో ఒకనాడు క్రికెట్ ఆట చూసి తిరిగి వస్తూ, దారిలో బేస్‌బాల్ ఆడుతుంటే నిలబడి చూశాడు. అది ఆయన మనసుకు పట్టేసింది. అప్పటినుంచి బేస్‌బాల్ గురించి వ్రాయడం మొదలుపెట్టాడు. ఊరికే వ్రాయలేదు. క్రికెట్ స్కోరు పట్టీని తీసుకుపోయి బేస్‌బాల్‌కు తొడిగాడు. ఎవరు ఎన్నిసార్లు కొట్టారు, ఎన్ని పరుగులు చేశారు, ఎన్ని పట్టారు, ఎన్ని వదిలారు, అంతా వేలెడు స్థలంలో పట్టే పట్టీ. దాన్నే బాక్స్ స్కోర్ అంటారు. మేము బతుకంతా రిజిస్టర్లలో గడులు నింపినవాళ్లం, గడుల విలువ మాకు తెలుసు. ఆ పట్టీ చూస్తే, మైదానానికి వెళ్లలేని మనిషికి ఆట మొత్తం అర్థమవుతుంది. ఎక్కడో పల్లెలో దుకాణం పెట్టుకున్నవాడు కూడా న్యూయార్క్ ఆట గురించి వాదులాడగలడు. హెన్రీ చాడ్విక్ పేరు తరువాత 1938లో బేస్‌బాల్ మహనీయుల పట్టికలోకి ఎక్కింది. తండ్రి ఇంటి సొత్తు తీసుకుపోయి మామగారింట దీపం పెట్టినట్టు అయింది.

ఇంకొకాయన హ్యారీ రైట్. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లో పుట్టినవాడు, మనం పైన చెప్పుకున్న సెయింట్ జార్జ్ క్లబ్బులోనే క్రికెట్ ఉద్యోగి. 1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ అనే జట్టును నడిపాడు. బహిరంగంగా జీతాలిచ్చి నడిపిన తొలి బేస్‌బాల్ జట్టు అది. ఈలోగా 1861 నుంచి 65 దాకా అంతర్యుద్ధం నడిచింది. బేస్‌బాల్‌కు చదును చేసిన పిచ్ అక్కర్లేదు, రెండు మూడు గంటల్లో అయిపోతుంది, సైనికుల శిబిరాల్లో ఎక్కడపడితే అక్కడ ఆడారు. యుద్ధం అయ్యేసరికి ఆ ఆట దేశమంతా పాకింది.

క్రికెట్ చచ్చిపోలేదు. ఫిలడెల్ఫియాలో రాజాలా బతికింది. అక్కడ మొదట దాన్ని పాతుకొనేలా చేసినవాళ్లలో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిల్లు కార్మికులు ఉన్నారు. పోనుపోను అది పెద్దింటివాళ్ల క్లబ్బుల్లోకి వెళ్లింది. జర్మన్‌టౌన్, మెరియన్, బెల్మాంట్, ఫిలడెల్ఫియా క్రికెట్ క్లబ్. వాళ్ల ఆట తక్కువదేం కాదు. 1893లో ఆస్ట్రేలియా జట్టు అక్కడికి వస్తే, ఫిలడెల్ఫియా వాళ్లు 525 కొట్టి, ఒక ఇన్నింగ్స్ 68 పరుగుల తేడాతో ఓడించి పంపారు. బార్ట్ కింగ్ అని ఒక బౌలర్ ఉండేవాడు. చిన్నప్పుడు బేస్‌బాల్ ఆడినవాడు కావడంతో, బంతిని గాలిలో వంచే విద్య అక్కడినుంచి తెచ్చుకున్నాడు. 1908లో ఇంగ్లండ్ వెళ్లి 87 వికెట్లు తీశాడు, సగటు 11.01. ఆ ఏడాది ఇంగ్లండ్ మొత్తానికి ఆయనే మొదటివాడు. ఆ సగటును మరొకరు దాటడానికి 50 ఏళ్లు, అంటే 1958 దాకా పట్టింది. ఇవాళ మన పిల్లల్లో ఎంతమందికి బార్ట్ కింగ్ పేరు తెలుసు? అమెరికా పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

1909లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కూర్చుని ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ అని సంఘం పెట్టుకున్నాయి. సామ్రాజ్యంలోని దేశాలకే సభ్యత్వం. నిరుడే ఇంగ్లండ్‌లో అందరికన్నా మిన్నగా బంతి వేసి వచ్చినవాడి దేశానికి చోటు లేదు. సంఘం నియమావళిలో ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో, సంఘాలు నడిపే మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఫిలడెల్ఫియా క్లబ్బులు మెల్లగా టెన్నిస్‌కు, గోల్ఫ్‌కు మళ్లాయి. మెరియన్ క్రికెట్ క్లబ్ అన్న పేరు ఇప్పటికీ ఉంది, పచ్చికలో ఎక్కువగా కనిపించేవి మాత్రం టెన్నిస్ కోర్టులు.

క్రికెట్ వాడిపోవడానికి చరిత్రకారులు చాలా కారణాలు చెబుతారు. ఆట రెండు మూడు రోజులు సాగడం, ఇంగ్లిషువాళ్ల ఆట అన్న విసుగు, క్లబ్బుల గోడలు. అన్నీ నిజమే. మేము వాటికి ఒకటి కలుపుతాము. బేస్‌బాల్‌ను బయటివాడికి చెప్పేవాళ్లు ఉన్నారు. క్రికెట్ లోపలివాళ్లు లోపలివాళ్లకే చెప్పుకున్నారు.

ఎందుకంటారా, ఆ తరువాత బేస్‌బాల్ ఏం చేసిందో చూడండి. 20వ శతాబ్దం మొదట్లో పెద్ద ఆటలప్పుడు పత్రికాఫీసుల ముందు పెద్ద బోర్డులు కట్టేవారు. మైదానం నుంచి తంతి వస్తే, దాన్నిబట్టి బోర్డు మీద ఆటగాళ్ల గుర్తులు జరిపేవారు. వీధి నిండా జనం నిలబడి, టికెట్ లేకుండా, ఆ బోర్డును చూసి కేకలు వేసేవారు. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ అనే రేడియో, బేస్‌బాల్ ఆటను తొలిసారి ప్రసారం చేసింది. చెప్పినవాడు హెరాల్డ్ ఆర్లిన్. అప్పుడు జట్ల యజమానుల్లో పెద్ద రగడ. ఇంట్లో కూర్చుని ఉచితంగా వింటే టికెట్ ఎవరు కొంటారని కొందరి భయం. న్యూయార్క్‌లోని మూడు జట్లూ కూడబలుక్కుని 1930లలో కొన్నేళ్లు రేడియోను రానివ్వలేదు. 1939లో బ్రూక్లిన్ జట్టు ఆ ఒప్పందం వదిలేసింది. షికాగో కబ్స్ యజమాని రిగ్లీ మాత్రం మొదటినుంచీ అడిగిన స్టేషన్‌కల్లా మైదానం తలుపు తీశాడు. రేడియోలో విన్న పల్లెటూళ్లవాళ్లు సెలవురోజున రైలెక్కి వచ్చారు. రైలుకూ లాభమే.

1932లో ఒక విచిత్రం. ఆ ఏడు మన సి.కె.నాయుడు గారు, మచిలీపట్నం మూలాలున్న నాగపూరు తెలుగాయన, లార్డ్స్ మైదానంలో భారత జట్టు తొలి టెస్టుకు నాయకుడు. అదే ఏడు డాన్ బ్రాడ్‌మన్ పెళ్లి చేసుకుని భార్యతో కలిసి, ఆర్థర్ మెయిలీ కూర్చిన ఆస్ట్రేలియా జట్టుతో కెనడా, అమెరికాలు తిరుగుతున్నాడు. న్యూయార్క్‌లో బేస్‌బాల్ మహావీరుడు బేబ్ రూత్‌ను కలిశాడు. ఇద్దరి ఫొటో తీశారు, పత్రికల్లో వేశారు. హాలీవుడ్‌లో సినిమా నటుడు ఆబ్రే స్మిత్ క్రికెట్ క్లబ్ పెట్టాడు. ఇన్నీ జరిగాయి. ఆ ఫొటో చూసిన అమెరికావాడికి మర్నాడు క్రికెట్ ఎక్కడ వినాలో తెలియదు. మనకు ఆ తరువాత యాభై ఏళ్లలో రేడియో వల్లే క్రికెట్ వంటింట్లోకి వచ్చింది.

ఆ రేడియో గురించి కొంచెం చెప్పుకుంటాము, ఓపిక పట్టండి.

మాకు క్రికెట్ నేర్పింది మైదానం కాదు, మద్రాసు ఆకాశవాణి. చేపాక్ టెస్టులకు తమిళంలో నేర్ముగ వర్ణనై వచ్చేది. అబ్దుల్ జబ్బార్, కూత్తపిరాన్ గార్ల గొంతులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. అంతకుముందు ఇంగ్లిష్ వ్యాఖ్యానమే. మన విజయనగరం మహారాజకుమార్ విజ్జీ గారు కూడా ఇంగ్లిష్‌లో వ్యాఖ్యానం చేసినవారే, వింటుంటే నిద్ర వచ్చేదని పెద్దలు వేళాకోళం చేసేవారు. తమిళం వచ్చాక సంగతి మారిపోయింది. బంతి "పందు" అయింది, ఔటైనవాడు "ఆట్టమిళందార్" అయ్యాడు.

1986 సెప్టెంబరు 22. మేము ఒక జంక్షన్‌లో పార్సెల్ ఆఫీసులో ఉన్నాము. చేపాక్‌లో ఆస్ట్రేలియాతో టెస్టు, ఆఖరి రోజు, మనకు 348 కావాలి. టేబుల్ సొరుగులో ట్రాన్సిస్టర్. సాయంత్రం అయ్యేసరికి పోర్టర్లు, గ్యాంగ్‌మన్లు, టీ అమ్మే కుర్రాడు, అందరూ కిటికీ దగ్గర. కంట్రోల్ ఫోన్‌లో బండ్ల వేళలతో పాటు స్కోరు కూడా స్టేషన్ నుంచి స్టేషన్‌కు పోతోంది. (ఇప్పుడు చెప్పుకోవచ్చు, పింఛను వస్తోంది.) 347 దగ్గర మణిందర్ సింగ్ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు. అవతల రవిశాస్త్రి 48తో నిలబడిపోయాడు. ఆట సమం. ఓడలేదు, గెలవలేదు, ఎవరికీ ఏం అనాలో తోచలేదు.

అప్పుడు టీ కుర్రాడు అడిగాడు, బంతి కాలికి తగిలితే ఔటేమిటని. ఒక ముసలి పోర్టరు, జన్మలో మైదానం గడప తొక్కనివాడు, ఇలా చెప్పాడు. "ఒరే, పందు అంటే బండి. వికెట్టంటే స్టేషన్. బండి నేరుగా లైన్ మీద వస్తోంది. మధ్యలో నీ ఎద్దుబండి అడ్డం పెట్టావు. అడ్డం లేకపోతే బండి స్టేషన్ చేరేదే. అందుకే తప్పు నీది." ఎల్బీడబ్ల్యూను ఇంతకన్నా బాగా చెప్పిన పుస్తకం మేము చదవలేదు. అతనికి అది చెప్పగల శక్తి ఎక్కడినుంచి వచ్చింది? ఖర్చు లేని రేడియో, తెలిసిన భాష. ఆ రెండే.

అమెరికాకు తిరిగి వద్దాము. 1965లో రెండు తలుపులు ఒకేసారి తెరుచుకున్నాయి. ఇంపీరియల్ అన్న మాట తీసేసి ఇంటర్నేషనల్ అని పెట్టుకున్న క్రికెట్ సంఘం అమెరికాను అసోసియేట్ సభ్యురాలిగా చేర్చుకుంది. అమెరికా కొత్త వలస చట్టం చేసి మన దేశంవాళ్లకు దారి ఇచ్చింది. డాక్టర్లు, ఇంజనీర్లు, తరువాత విద్యార్థులు వెళ్లారు. మనసు ఇక్కడ, మనిషి అక్కడ. స్కోరు తెలుసుకోవడానికి ఇంటికి ఫోన్ చేయాలంటే నిమిషానికి ఎంత పడేదో ఆ తరంవాళ్లను అడగండి.

వాళ్లే ఉపాయం కనిపెట్టారు. విశ్వవిద్యాలయాల కంప్యూటర్లలో మాటలు పంపుకునే ఐ.ఆర్.సి. అని ఒక ఏర్పాటు ఉండేది. ఎవరికి ఆట కనిపిస్తోందో, వినిపిస్తోందో, వాళ్లు బంతి బంతికీ టైపు చేయడం, మిగతావాళ్లు ఎక్కడెక్కడో కూర్చుని చదవడం. మా కంట్రోల్ ఫోనే, కాకపోతే సముద్రాలు దాటింది. 1993లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో సైమన్ కింగ్ అనే ఇంగ్లండ్ పరిశోధకుడు మొదలుపెట్టిన క్రిక్‌ఇన్ఫో ఈ మనుషులతోనే పెరిగింది. తొలినాళ్లలో దాన్ని నిలబెట్టినవాళ్లలో మన నాగపట్నం బద్రి శేషాద్రి ఒకరు, అప్పుడు కార్నెల్‌లో విద్యార్థి. తరువాత చెన్నై వచ్చి కిళక్కు పదిప్పగం పెట్టి తమిళ పుస్తకాలు వేశారు, మా అల్మారాలో కొన్ని ఉన్నాయి. 2007లో క్రిక్‌ఇన్ఫోను ఇ.ఎస్.పి.ఎన్. కొన్నది. ప్రపంచంలో అందరికన్నా పెద్ద క్రికెట్ కబుర్ల చోటు పుట్టింది లండన్‌లో కాదు, ముంబయిలో కాదు, మంచు కురిసే మిన్నెసోటాలో. అది ఉచితం కాబట్టే అంత పెరిగిందని మా నమ్మకం.

బొమ్మ మాత్రం ఉచితం కాలేదు. డిష్ పెట్టుకుని, ప్రపంచకప్పుకని వేరే డబ్బు కట్టి, నాలుగు కుటుంబాలు ఒక ఇంట్లో చేరి, తెల్లవార్లూ చూసేవారు. 2010లో విల్లో 24 గంటల క్రికెట్ చానెల్ అయింది. మనవాళ్లకు అది వరం, కాదనము. ఆ పేరు చూడండి. విల్లో అంటే బ్యాటు చేసే చెట్టు. ఆట తెలిసినవాడికి పేరు వినగానే నవ్వు వస్తుంది. తెలియనివాడికి అది ఏదో చెట్టు పేరు. పక్కింటి పెద్దాయన చానెళ్లు తిప్పుతూ ఆ పేరు చూసినా అక్కడ ఆగడు. పాత ఫిలడెల్ఫియా క్లబ్బు గోడ పడిపోయి, దాని చోట ఇంకో గోడ లేచింది. లోపల ఉన్నది ఈసారి మనం.

జనాన్ని రప్పించాలని చాలామంది ప్రయత్నించారు. 2004లో ప్రో క్రికెట్ అని పోటీలు పెట్టారు, ఒక్క ఏడాదితో మూతపడ్డాయి. 2015 నవంబరులో టెండూల్కర్, షేన్ వార్న్ రిటైరైన మహామహులను కూర్చుకుని న్యూయార్క్, హ్యూస్టన్, లాస్ ఏంజలస్ బేస్‌బాల్ స్టేడియాలలో ఆడారు. న్యూయార్క్‌లో 36,000 మంది వచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. 2016లో ఫ్లోరిడాలోని లాడర్‌హిల్‌లో వెస్టిండీస్ 245 కొడితే మనం 244 కొట్టి ఒక్క పరుగుతో ఓడాము. అంత గొప్ప ఆట అమెరికా గడ్డ మీద జరిగిందని అమెరికాలో ఎంతమందికి తెలిసింది?

ఆటను నడపాల్సిన అక్కడి సంఘం కథ వేరు. 2017లో పాత సంఘాన్ని అంతర్జాతీయ సంస్థ వెలివేసింది. 2019లో కొత్తది చేరింది. దాన్నీ 2025 సెప్టెంబరులో సస్పెండ్ చేశారు. సంఘాల తగవులు మనకు కొత్త కాదు, దీన్ని ఇంతటితో ఆపుదాము.

2023 జూలై 13న మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది. గ్రాండ్ ప్రెయిరీలో వాడకం తగ్గిన బేస్‌బాల్ మైదానాన్నే క్రికెట్టుకు మార్చారు. తొలి ఆటలో మన చెన్నైవాళ్ల చుట్టరికం ఉన్న టెక్సాస్ సూపర్ కింగ్స్ 69 పరుగులతో గెలిచింది. సియాటిల్ జట్టులో పెట్టుబడి పెట్టినవాళ్లలో హైదరాబాదు సత్య నాదెళ్ల ఉన్నారు. డబ్బు ఉంది, ఆటగాళ్లు ఉన్నారు. కొన్ని ఆటలు సి.బి.ఎస్. స్పోర్ట్స్ నెట్‌వర్క్‌లో కూడా వేశారు. అదీ డబ్బు కడితే వచ్చేదే, అయినా ఒక కిటికీ తెరిచినట్టే.

2024 ప్రపంచకప్పు దగ్గర మాకు బాధ కలిగించిన విషయం ఒకటుంది. అమెరికా, పాకిస్తాన్ ఆట డల్లాస్‌లో ఎన్ని గంటలకు మొదలైందో తెలుసా? గురువారం పొద్దున పదిన్నరకు. ఆఫీసులు నడిచే వేళ. ఎందుకంటే ఇక్కడ మనకు రాత్రి తొమ్మిది కావాలి. న్యూయార్క్ దగ్గర నాసో కౌంటీలో 34,000 మంది పట్టే తాత్కాలిక స్టేడియం కట్టి, జూన్ 9న ఇండియా, పాకిస్తాన్ ఆడించారు. అదీ పొద్దున పదిన్నరకే, మనకు రాత్రి ఎనిమిది. మనం 119 చేసి ఆరు పరుగులతో గెలిచాము. మేము సోఫాలో కూర్చుని, కావలసిన భాషలో, ఫోన్‌లో పైసా కట్టకుండా చూశాము. ఆ మైదానానికి పక్క వీధిలో ఉన్న అమెరికావాడు డబ్బు కట్టాలి. పెళ్లి వాళ్లింట్లో, విందు మనకు. పోటీలయ్యాక ఆ స్టేడియాన్ని విప్పి తీసుకుపోయారు.

మనకు ఇది ఉచితంగా వస్తోందంటే ఊరికే రాలేదు. 1993 హీరో కప్ ప్రసారం మీద తగాదా సుప్రీంకోర్టుకు వెళ్లి, 1995 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం సొంతమూ కాదు, ఏ కంపెనీ సొంతమూ కాదు అని. 2007లో చట్టం చేసి, దేశానికి ముఖ్యమైన ఆటలను దూరదర్శన్‌కు ఇవ్వాలన్నారు. 2017లో తమిళ స్పోర్ట్స్ చానెల్, 2018 చివర్లో తెలుగుది వచ్చాయి. ఇంగ్లండ్‌లో దీనికి తిరుగుబాటు నడక. 2005 యాషెస్ అందరి టీవీల్లో ఉచితంగా వచ్చింది, దేశమంతా ఊగిపోయింది. మరుసటి ఏటి నుంచి టెస్టులు డబ్బు చానెల్‌కు పోయాయి. కొత్త పిల్లలు ఆట చూడడం తగ్గిందని ఇప్పటికీ అక్కడ వాదం నడుస్తూనే ఉంది. 2019 ప్రపంచకప్పు ఫైనల్‌కు తలుపు మళ్లీ ఒక్కరోజు తీశారు.

దీనికి ఎదురుమాట ఉందని మాకు తెలుసు. డబ్బు రాకపోతే మైదానాలు ఎవరు కడతారు, ఆటగాళ్లకు జీతాలు ఎవరిస్తారు అని. నిజమే. అన్నీ ఉచితంగా ఇమ్మని మేము అనడం లేదు. రైల్వేలో కూడా ఫస్ట్ క్లాసు ఉంది. పాసింజరు బండి కూడా ఉంది. పాసింజరు తీసేస్తే లైను పక్కన ఊళ్లవాళ్లకు రైలే ఉండదు. వారానికి ఒక ఆట, సాయంత్రం వేళ, అందరికీ వచ్చే చానెల్‌లో, బేస్‌బాల్ తెలిసినవాడికి అర్థమయ్యే మాటల్లో వేస్తే చాలు. 2028లో లాస్ ఏంజలస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది, పొమోనాలో ఆడతారు. 1900 పారిస్ తరువాత మళ్లీ ఇదే. ఒలింపిక్స్ కాబట్టి అమెరికాలో ఎన్.బి.సి. చేతిలో ఉంటుంది. ఆ రోజుల్లోనైనా ఆట వేళ అమెరికా గడియారం చూసి పెడతారా, మన గడియారం చూసి పెడతారా అన్నదే మా అనుమానం.

పోయిన వేసవిలో అమ్మాయి విల్లోకు డబ్బు కట్టింది. సూపర్ కింగ్స్ ఆట ఉన్న సాయంత్రం పక్కింటి పెద్దాయనను పిలిచింది. ఆయన వచ్చి కూర్చున్నాడు. మనవడికి పన్నెండేళ్లు, వాడే వ్యాఖ్యాత. బేస్‌బాల్‌లో బంతిని వెనక్కి కొడితే ఫౌల్, ఇక్కడ అదే నాలుగు పరుగులు అని చెప్పాడట. కొట్టి పరుగెత్తక్కర్లేదు, నిలబడవచ్చు అని చెప్పాడట. అంతా బాగానే ఉంది, ఒకడు కాలికి తగిలించుకుని ఔటయ్యేసరికి వాడికి మాట రాలేదు. మాకు ఫోన్ చేశాడు. ఇక్కడ తెల్లవారి కాఫీ వేళ. "తాతా, ఎల్బీడబ్ల్యూ ఎలా చెప్పాలి?"

మేము పోర్టరు చెప్పినట్టే చెప్పాము. బండి, లైను, ఎద్దుబండి, స్టేషన్. వాడు ఇంగ్లిష్‌లో చెబుతుంటే ఫోన్‌లో వింటున్నాము. ఎద్దుబండిని పికప్ ట్రక్కు చేశాడు. కాసేపు నిశ్శబ్దం. తరువాత పెద్దాయన నవ్వు వినిపించింది.

"తాతా, స్టేషన్ మాస్టర్ ఎవరని అడుగుతున్నారు."

అంపైరని చెప్పమన్నాము.